మీసం లేని తలుపు

"ఆ మూడింటిలో ఒకదాన్నయినా కింద పెట్టొచ్చుగా? నేల మీదేమైనా ముళ్ళున్నాయా?" అంది మా అత్త, పిండి కలిపే చెక్కతొట్టిని రెండు కంప్యూటర్ల మధ్య ఇరికిస్తూ.

"నేల మీద చీమలున్నాయత్తా. పోయిన వారం తెల్లదాంట్లో దూరాయి."

"ఈ ఇంట్లో చీమలకున్న చోటు కూడా నాకు లేదన్నమాట."

క్రిస్మస్ ముందు మొదలైన గొడవ అది. మా ఎండాకాలం ముదిరి జనవరి సగానికి వచ్చేసరికి మాకు అలవాటైపోయింది. ఆ బల్ల మా మామ తన చేత్తో లపాచో చెక్కతో చేసినది. నలభై ఏళ్ళుగా దాని మీదే మా అత్త, ఊరంతా మర్యాదగా న్యా దెయోలిందా అని పిలిచే మనిషి, చిపా రొట్టెల పిండి పిసికింది. ఇప్పుడు దాని మీద మూడు కంప్యూటర్లు, వాటి తీగలు, ఒక ఫ్యాను. మేం నలుగురం వసారాలో పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం.

నేనూ, నా కూతురు పెర్లా కలిసి బడిపిల్లల కోసం ఒక కంప్యూటర్ భాష తయారు చేస్తున్నాం. పిల్లలు మా గువారనీ మాటల్లోనే రాస్తారు. ఆ రాసినదాన్ని కంప్యూటర్‌కి పనికొచ్చేలా మార్చే కంపైలర్ అప్పటికే నడుస్తోంది. నడుస్తోందంటే, మా పాత నల్లదాంట్లో నడుస్తోంది. బడుల్లో ఉండేవి బూడిదరంగువి. పట్నంలో కొన్ని బడులకి ఎవరో దాతలు తెల్లవి ఇచ్చారు. ఫిబ్రవరి చివర బళ్ళు తెరిచేలోగా మూడింట్లోనూ నడవాలి. రాజధానిలో బడుల ఆఫీసువాళ్ళు పెట్టిన షరతు అది. ఇది ఒప్పుకుంటేనే వచ్చే ఏడాది పని కూడా మాకిస్తారు. మా ఆయన అర్సేనియో తన పాత ట్రక్కుతో సరుకులు మోసే దుకాణం నవంబరులో అతన్ని వద్దంది కనుక, ఇల్లు ఆ పని మీదే నిలబడి ఉంది.

చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. పిల్లలు రాసే ప్రతి మాట వెనకా ఒక ఫైలుంటుంది. పిల్ల 'తలుపు' అని రాస్తే కంపైలర్ వెళ్ళి ఆ పేరున్న ఫైలును వెతికి తెస్తుంది. మా భాషలో తలుపును ఒకెఁ అంటాం. చివర్లో ముక్కుతో పలకాలి. స్పానిష్ లిపిలో రాసేటప్పుడు ఆ అక్షరం నెత్తిన చిన్న అలలాంటి గీత పెడతాం. ఆ గీత తీసేసి ఒకె అన్నారంటే 'నిద్రపోతోంది' అని అర్థం. తుపాఁ అంటే దేవుడు, తుపా అంటే మంచం. ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు.

నల్లది ఇచ్చిన పేరును ఇచ్చినట్టే దాచుకుంటుంది. చిన్నక్షరం బదులు పెద్దక్షరం వేసినా అది వేరే పేరే అంటుంది. బూడిదది పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా నాకొకటే అంటుంది. తెల్లది మరీ విడ్డూరం. గీత ఉన్న అక్షరం ఇస్తే అక్షరాన్ని వేరుగా, గీతను వేరుగా విడదీసి పక్కపక్కన దాచుకుంటుంది. తెర మీద తేడా ఏమీ కనబడదు. తెల్లదాంట్లోంచి ఆ ఫైలును పెన్‌డ్రైవులో బూడిదదానికి పట్టుకెళ్తే మాత్రం, ఎదురుగా ఫైలు పెట్టుకుని కంపైలర్ "ఒకెఁ అనే ఫైలు లేదు" అంటుంది.

"గుమ్మంలో నిలబడి తలుపు లేదంటుందా నీ కంపైలర్?" అని అర్సేనియో పడిపడి నవ్వాడు. ఆ గీతకి మీసం అని పేరు పెట్టినవాడు కూడా అతనే. "ఆ మీసమేదో గొరిగేస్తే పోలా?"

"అదీ మాట," అంది అత్త తొట్టిని ఇంకొంచెం నెడుతూ. "ఆడదానికీ మీసం అక్కర్లేదు, అక్షరానికీ అక్కర్లేదు. పుట్టినప్పట్నించీ మాట్లాడుతున్నాను, ఏ మీసమూ పెట్టి ఎరగను. ముక్కుంటే చాలు."

"కంప్యూటర్‌కి ముక్కు లేదత్తా."

గొరగడం కష్టమేమీ కాదు. ఆఫీసువాళ్ళు అడిగారని డిసెంబరులోనే పెర్లా కంపైలర్‌లో ఒక మీట పెట్టింది. అది వేస్తే పేర్లన్నింటి మీసాలూ ఒక్క దెబ్బతో రాలిపోతాయి. ఆ మీటకి ఆఫీసువాళ్ళే పేరు పెట్టారు. 'శుభ్రమైన పేర్లు.'

*

వేడి ఉత్తరపు గాలి మొదలైతే మా ఊళ్ళో కరెంటు పోతుంది. పోయినప్పుడల్లా మామిడిచెట్టు కిందికి చేరి, చేదాకు చన్నీళ్ళలో నానబెట్టిన తెరెరే తాగేవాళ్ళం. రాలిన పళ్ళు ఎండకి కుళ్ళి కల్లు వాసన కొడుతుండేవి. పెర్లా గిన్నెలో ఆకు మీద నీళ్ళు పోసి అందిస్తే గొట్టం ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి తిరిగేది.

"ఇంతకీ రోజంతా ఆ మూడింటి ముందు కూర్చుని వాటికేం చెప్తావే?" అని అత్త అడిగింది ఒకసారి.

"వాటికి కాదత్తా, కంపైలర్‌కి చెప్తున్నా. కొత్త కోడలనుకోండి. పాపం మూడిళ్ళల్లో కాపురం చెయ్యాలి."

"మూడిళ్ళా? సిగ్గులేనిది."

"ఒకింట్లో ఉప్పు గూట్లో ఉంటుంది. ఇంకో ఇంట్లో పొయ్యి వెనక. మూడో ఇంట్లో ఉప్పు ఒక డబ్బాలో, మూత ఇంకోచోట. ఏ ఇంటి గుమ్మం తొక్కేముందు ఆ ఇంటి పద్ధతి చెవిలో వేస్తే పిల్ల తడుముకోదు. ఆ చెవిలో వేసే మాటలే రాస్తున్నా."

"నాకెవరూ వెయ్యలేదమ్మా. మా అత్త ఉప్పు దాచేసేది."

"ఇంకో దారి కూడా ఉంది నాయనమ్మా," అంది పెర్లా. "మూడిళ్ళల్లోనూ ఉప్పు మానేస్తే వెతుక్కోనక్కర్లేదు. ఆఫీసువాళ్ళు చెప్పేది అదే."

"మానేస్తే ఏం పోయింది? డాక్టరు నన్ను మానెయ్యమన్నాడుగా." అత్త గొట్టంలో గట్టిగా ఒక గుక్క పీల్చి గిన్నె పెర్లా చేతికిచ్చింది. "నాకు నా బల్ల ఇస్తే చాలు. సాన్ బ్లాస్ పండగ వస్తోంది. ఊరంతా నా చిపా కోసం వస్తారు. ఒళ్ళో పెట్టుకుని పిసకనా?"

అర్సేనియో మామిడిటెంకని కాలితో తంతూ అన్నాడు. "ఆ మీట వేసెయ్ సునిల్దా. అమ్మకి బల్ల వస్తుంది, మనకి పని వస్తుంది. పిల్లలు చదువుకునేటప్పుడు మీసం వాళ్ళే పెట్టుకుంటారు మనసులో."

"పెట్టుకోరు," అన్నాను. "తెర మీద లేనిది తప్పనుకుంటారు."

*

పండగకి రెండ్రోజుల ముందు ఆఫీసు నుంచి ఇంజనీరు బారెయిరో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. అత్త ఆ పొద్దున పట్టు వదలకుండా తొట్టిని బల్ల మీదే పెట్టి, పిండి, చీజ్, సోంపు కలుపుతోంది. అతను తొట్టికి ఈపక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అత్త గువారనీలో పలకరిస్తే, అతను నవ్వుతూ స్పానిష్‌లో జవాబిచ్చాడు. ఎండ గురించి అడిగినా, దారి గురించి అడిగినా అదే వరస. అత్త నావైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది. పట్నం పిల్లాడు, తెలియదు కాబోలని నేనూ అనుకున్నాను.

"శుభ్రమైన పేర్లు వేసి చూపించండి," అన్నాడు బారెయిరో.

"మీట వేస్తే ఏమవుతుందో చూస్తారా? తప్పకుండా చూడండి," అంది పెర్లా. నా కూతురు అంత మర్యాదగా మాట్లాడిందంటే నాకు భయం.

మొదటి పాఠం అమ్మమ్మ ఇల్లు. పిల్ల ఒకెఁ అని రాస్తే తలుపు తెరుచుకోవాలి, పిల్లి లోపలికి రావాలి. ఒకె అని రాస్తే అమ్మమ్మ పడుకోవాలి. పెర్లా మీట వేసింది. మీసం రాలిపోయాక రెండు ఫైళ్ళకీ ఒకటే పేరైంది. వెనకొచ్చింది ముందున్నదాన్ని తుడిచేసి దాని చోట కూర్చుంది. ఇక మిగిలింది నిద్ర ఒక్కటే. పెర్లా తలుపు తెరవమని రాసింది. గుమ్మంలో తలుపుండాల్సిన చోట అమ్మమ్మ నిలువునా నిలబడి గుర్రుపెట్టసాగింది. పిల్లి వచ్చి అమ్మమ్మని తట్టింది. అమ్మమ్మ తెరుచుకోలేదు.

 బారెయిరో పెదవులు బిగించి తెర వంకే చూస్తున్నాడు.

"బడి ప్రార్థన కూడా ఉందండీ," అంటూ పెర్లా తెర మీద ఉన్నది ఉన్నట్టు గువారనీలో పైకి చదివింది. దేవుడా అని ఉండాల్సిన చోట మీసం లేదు. "ఓ మంచమా! పొద్దస్తమానం మమ్మల్ని కనిపెట్టి ఉండు."

"మధ్యాహ్నం పూట నన్ను కనిపెట్టుకుని ఉండేది అదే," అంది అత్త పిండి పిసుకుతూ.

బారెయిరో తాగుతున్న తెరెరే ముక్కులోంచి వచ్చింది. దగ్గు, నవ్వు కలిసిపోయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భాష తెలియనివాడికి ఆ నవ్వు రాదు. అత్త పిసకడం ఆపింది.

"ఎవరబ్బాయివిరా నువ్వు?" అంది మా భాషలోనే.

"మాది కరపెగువా, మామ్మా. న్యా ఎపిఫానియా మనవణ్ణి," అన్నాడతను, అదే భాషలో, ఇంకా నవ్వుతూనే. నోరు జారిందని ఆ తర్వాత తెలిసింది అతనికి. రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ స్పానిష్‌లోకి వెళ్ళిపోయాడు.

"నవ్వుకోడానికి బాగానే ఉంది సెన్యోరా. తలుపుకి స్పానిష్ పేరు పెట్టెయ్యండి, రెండూ కలవవు. ఇంకా ఇలాంటివెన్నున్నా అలాగే మార్చండి. పైవాళ్ళు సంతకం పెట్టాలంటే పేర్లు శుభ్రంగా ఉండాలి."

"ఇప్పుడు మురికిగా ఉన్నాయా?" అన్నాను.

"మాటవరసకి అన్నాను. మా దగ్గర అందరూ అలాగే అంటారు."

"మా టీచరమ్మ కూడా అలాగే అనేది," అంది అత్త.

అందరం అటు చూశాం. ఆమె ఎవరివైపూ చూడలేదు. వేళ్ళకి అంటుకున్న పిండిని గోటితో గీకుతోంది.

"తరగతిలో మన మాట ఒకటి నోట్లోంచి వస్తే చాలు, కుళాయి దగ్గరికి పంపేది. నోరు శుభ్రం చేసుకుని రమ్మనేది. నేను రోజూ వెళ్ళేదాన్ని. ఆ నీళ్ళు బాగుండేవి." తర్వాత తొట్టిని రెండు చేతులతో ఎత్తుకుంది. "పెర్లా, ఆ తలుపు తియ్యి."

పెర్లా పెరటి తలుపు తీసింది. అత్త తొట్టిని తీసుకెళ్ళి బట్టలుతికే రాతిబండ మీద పెట్టి, ఎండలో నిలబడి పిండి పిసకడం మొదలుపెట్టింది. బల్ల మీద తొట్టి ఉన్న చోట పిండి చారిక మిగిలింది. ఆ తర్వాత ఆమె బల్ల గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

*

"వాడు వెళ్ళి రాసేస్తాడు, వీళ్ళు మొండి మనుషులని," అన్నాడు అర్సేనియో ఆ సాయంత్రం. "మార్చిలో ఏం తింటాం? మీసాలు ఉడకేసి పెడతావా?"

"మాండియోకా దుంపలతో పాటు పెడతా. నంజుకో."

"నేను ఎగతాళి చెయ్యడంలేదు సునిల్దా."

"నేనూ చెయ్యడంలేదు. తలుపుని తలుపనడానికి ఎవరి సంతకం కావాలి నాకు?"

అతను ట్రక్కు దగ్గరికి వెళ్ళి, ఇంజను మూత ఎత్తి, కారణం లేకుండా లోపల చూస్తూ నిలబడ్డాడు. అతని భయం నాకు తెలియనిది కాదు. అయినా వెనకాల వెళ్ళలేదు.

పండగ అయ్యింది. అందరూ చిపా తిన్నారు. రాతిబండ మీద పిసికినందువల్లో ఏమో ఈసారి ఇంకా బాగుందన్నారు. మేం పనిలో పడ్డాం. మొదట అన్ని పేర్లలోనూ అక్షరాన్నీ మీసాన్నీ అతికించి ఒకటి చేసి పోల్చాలనుకున్నాం. అతుకు లేకుండా విడిగా మీసం ఎక్కడ కనబడినా తప్పని చెప్పమన్నాం కంపైలర్‌కి. అచ్చులన్నీ అతుక్కున్నాయి. మా భాషలో 'కోసం' అనే మాటలో మాత్రం గ మీద మీసం ఉంటుంది. ఆ రెండింటినీ కలిపి ఒక అక్షరంగా ప్రపంచంలో ఎవరూ అచ్చు పొయ్యలేదు. 'కోసం' అని ఎక్కడొచ్చినా కంపైలర్ తప్పు తప్పని అరిచింది.

"మన కోసం ఎవరూ చెయ్యలేదమ్మా," అంది పెర్లా. ఆ మాటలోని చమత్కారం దానికి తోచనేలేదు. నాకు తోచి, నవ్వితే ఏడుపొస్తుందేమోనని తల తిప్పుకున్నాను.

దాంతో అంతా తిరగేశాం. తెల్లదాన్ని అన్నాళ్ళూ తిట్టాం కానీ, దాని పద్ధతే మాకు పనికొచ్చింది. పిల్ల రాసిన పేరునీ, పెట్టెలో ఉన్న పేరునీ, రెండింటినీ ముందు విడదీసి, ఆ తర్వాతే పోల్చమన్నాం. బూడిదదానికి మాత్రం పెద్దక్షరాల సంగతి అదనంగా చెవిలో వేశాం. ఏ ఇంటి మాట ఆ ఇంటికి.

కరెంటు ఉన్న ఒక మధ్యాహ్నం పెర్లా పెన్‌డ్రైవు పట్టుకుని బల్ల చుట్టూ తిరిగింది. తెల్లదాంట్లోంచి బూడిదదానికి, బూడిదదాంట్లోంచి నల్లదానికి, మళ్ళీ వెనక్కి.

"తెరుచుకుందా?" అని పెరట్లోంచి అరిచింది అత్త.

"తెరుచుకుంది!"

"మూడింట్లోనూనా?"

"మూడింట్లోనూ!"

"అమ్మమ్మో?"

"హాయిగా పడుకుంది నాయనమ్మా, మంచం మీద!"

అర్సేనియో లోపలికొచ్చి బూడిదదాని ముందు కూర్చున్నాడు. ఒంటి వేలితో వెతుక్కుంటూ, మీసంతో సహా ఆ మాట తనే కొట్టాడు. తలుపు తెరుచుకుంది. ఇంకోసారి కొట్టాడు. లేచి వెళ్ళిపోయాడు.

బళ్ళు తెరవడానికి వారం ఉందనగా బారెయిరో ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి, ఈసారి గువారనీలో మాట్లాడాడు.

"అక్కా, మీరు పంపిన పరీక్ష ఫలితాలు నేను చూశాను. తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఇప్పటికి మీట వేసి పంపండి. సంతకాలయ్యాక, ఏ మే నెలలోనో, ఎవరూ చూడకుండా మీసాలు తగిలించుకోండి. నేను చూడనట్టుంటాను."

"మే దాకా పిల్లలు మంచానికి దండం పెట్టాలా తమ్ముడూ?"

అతను నవ్వలేదు. "మీరు మీట వెయ్యకుండా పంపినా ఇక్కడివాళ్ళు వేసేస్తారక్కా. మీట ఉందని వాళ్ళకి తెలుసు."

"నువ్వెక్కడినించి మాట్లాడుతున్నావు?"

"మెట్ల మీద నించి."

"ఎందుకు?"

అతని గొంతు ఇంకా తగ్గింది. "లోపల అందరూ ఉన్నారు," అన్నాడు.

*

ఆ ఆదివారం అందరం వసారాలో కూర్చున్నాం. ఒళ్ళో పళ్ళాలు, మాండియోకా, అర్సేనియో కాల్చిన మాంసం. ఉత్తరపు గాలి తగ్గింది. ముందురోజు కురిసిన వానకి పెరడంతా మట్టివాసన వేస్తోంది. అర్సేనియో ఆఫీసు నుంచి ఏమైనా కబురొచ్చిందా అని అడిగాడు. మూడు రోజులుగా అతను అడగకుండా మింగుకుంటున్న ప్రశ్న అది.

"బారెయిరో చేశాడు," అన్నాను. "మీట వేసి పంపమన్నాడు. మనం వెయ్యకపోతే వాళ్ళే వేసుకుంటారట."

"వేసుకోనీ మరి. పాపం వాళ్ళకే చుట్టుకుంటుంది. నీ చేతికి మట్టి అంటదు."

"మీట లేదు."

పెర్లా తలెత్తింది.

"శుక్రవారం తీసేశాను," అన్నాను. "పెర్లాని కూడా అడగలేదు. ఏ మూలా దాని ఆనవాలు లేదు. ఇక ఆ కంపైలర్‌లో మీసం గొరగడం ఎవరివల్లా కాదు. నిన్న పొద్దున అలాగే ఆఫీసుకి పంపేశాను. పుచ్చుకుంటే మీసాలతోటే పుచ్చుకుంటారు. లేదంటే మార్చి నుంచి నేనూ పెర్లా పెన్‌డ్రైవులు పట్టుకుని ఊరూరా బళ్ళకి తిరుగుతాం. కరపెగువాతో మొదలుపెడతాం."

 అర్సేనియో మాంసం ముక్కని పళ్ళెంలో అటూ ఇటూ తిప్పాడు.

"కరపెగువాకి రెండు బస్సులు మారాలి," అన్నాడు. ఒక ముక్క నమిలి మింగి, "ట్రక్కుకి టైర్లు చూడాలి," అన్నాడు.

అత్త మాండియోకా నార ఏరి పళ్ళెం అంచున పెట్టింది.

"అయితే ఆ బల్ల ఇంక నాకు రానట్టే."

"రాదత్తా."

"సరే," అందామె. "రాయి చల్లగా ఉంటోందిలే."